ఆటల నియమగ్రంథము లెన్నాళ్ళ కొకసారి మారవలెను?

ఇంటిపనుల నడుమ ఆటలను గూర్చి వ్రాయుటయా యని కొందరు నవ్వవచ్చును. కాని పిల్లలుగల యింట ఆట చిన్నవిషయము కాదు. ఆటలో పుట్టిన తగవు వంటయింటి వరకు వచ్చును. ఒక్కొక్కప్పుడు రెండిండ్ల నడుమ మాటలు సయితము నిలిచిపోవును. అట్టి తగవొకటి మా యింటి యరుగుమీద పుట్టి, మూడు నెలలు మమ్ము బాధించి, తుదకు మాకొక పాఠము నేర్పినది. దానినే యిచ్చట మనవి చేయుచున్నాము.

మాది కామారెడ్డి జిల్లాలోని పోచారము. మా వారు ఉపాధ్యాయులు. 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో, హైదరాబాదున చదువుకొనుచున్న మా అక్కగారి కుమారుడు మా యింటికి వచ్చుచు ఒక లావుపాటి పుస్తకమును, చిన్నసంచి నిండ వింతపాచికలను తెచ్చెను. మన పచ్చీసు పాచికలవలెగాక వానిలో నాలుగు ముఖములవి, ఎనిమిది ముఖములవి, ఇరువది ముఖములవి కూడ నుండెను. “ఇది పెద్దవాళ్ళు కూడ ఆడే ఆట, చిన్నమ్మా. ఒకసారి చూడండి” అని మా పిల్లలను, వాడకట్టు పిల్లలను కూర్చుండబెట్టెను.

ఆ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇట్టివానిని మన భాషలో పాత్రధారణక్రీడ లనవచ్చును. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకరు మన నాటకములలోని సూత్రధారునివంటివారు. వారు కథ జరుగు చోటును, అచ్చటి మనుష్యులను, ఆపదలను వర్ణింతురు. తక్కినవారొక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ యాపదలో తామేమి చేయుదురో చెప్పుదురు. “నేను కోటగోడ నెక్కుదును” అని యొకరన్నచో, ఎక్కగలరో లేదో ఇరువది ముఖముల పాచిక తేల్చును. పాచికలో పడిన అంకెకు ఆ పాత్రయొక్క నేర్పు ననుసరించి కొంత కలుపుదురు. కథ మరింత ముందునకు సాగుటయే దానియందలి గెలుపు. ఒక్కొక్క కథ నెలలకొలది, ఏండ్లకొలది నడుచును. ఏ పాత్రకు ఏ శక్తి కలదు, దెబ్బ తగిలిన నెంత నష్టము, వైద్యము చేసిన నెంత లాభము అను సంగతులన్నియు నియమగ్రంథములో నుండును.

మేనల్లురవంటి అతిథులు సెలవులు కాగానే వెడలిపోవుదురు గదా! అతడు పుస్తకమును మా పెద్దమ్మాయి చేతికిచ్చి పోయెను. నాటినుండి సూత్రధారత్వము దానిదే. అయిదుగురు పిల్లలు ప్రతి ఆదివారము మా యరుగుమీద కూడుచుండిరి. వారి కథలో ఒక పెద్ద చెరువు, దానిప్రక్క అడవి, తూము తాళము పోయిన యొక యూరు నుండెను. అది ఏ యూరో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ యయిదుగురిలో నొక బాలిక కలదు. దాని తల్లి బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నది. బడిలో పంతులుగారు ప్రశ్న వేసినచో ఆ బాలిక తలవంచుకొని నిలుచునేగాని పెదవి కదపదు. అట్టిది ఈ యాటలో వైద్యురాలి పాత్రను దాల్చి, గాయపడినవారికి ధైర్యము చెప్పుచు, దొంగలతో వాదించుచు, గలగల మాటాడుచుండెను. పుస్తకము కొనుటకు శక్తి లేనందున, తన పాత్రకు సంబంధించిన పుటలన్నియు మా పుస్తకమునుండి ఒక నోటుబుక్కులో గుండ్రని యక్షరములతో వ్రాసికొనెను. ఆ నోటుబుక్కును దేవునిపటమువలె జాగ్రత్తచేసెడిది.

2024వ సంవత్సరము దసరా సెలవులలో తగవు వచ్చినది. అయిదుగురిలో నొక బాలుని తండ్రి గల్ఫుదేశమున పని చేయుచున్నారు. ఆయన కుమారునికి బహుమానముగా ఆ యాటయొక్క క్రొత్త నియమగ్రంథమును పంపించిరి. అప్పటికది వెలువడి యొక నెల కాలేదు. బాలుడు దానిని పట్టుకొనివచ్చి, “పాత పుస్తకము చెల్లదు. ఇకమీద అందరు దీనిప్రకారమే ఆడవలె” నని ప్రకటించెను. అతని యోధునికి క్రొత్త గ్రంథములో ఆయుధముల విషయమై క్రొత్తనేర్పులు వచ్చినవి. వైద్యురాలు తన నోటుబుక్కు తెరచి ఏదో చెప్పబోగా, “నీది పాతది, అది కొట్టివేసినారు” అనెను. ఆ బాలిక మారు మాటాడక నోటుబుక్కు మూసి, పైట చాటున పెట్టుకొని యింటికి వెళ్ళిపోయెను. తరువాతి యాదివారము రాలేదు. ఆపై నెలయు రాలేదు.

ఇది చూచి మాకు మొదట ఆ బాలునిమీదనే కోపము వచ్చినది. కాని యోచింపగా, అతడు పుస్తకము చెప్పినట్లే చెప్పినాడు గదా యని తోచినది. అసలు ఆట నియమములను మరల మరల అచ్చువేయుట ఎందులకు? ఎన్నాళ్ళ కొకసారి వేయుట న్యాయము? అని మేము, మా వారు పలురాత్రులు మాటాడుకొంటిమి. ఆ యాటయొక్క చరిత్రమును కూడ తెలిసికొంటిమి.

ఈ క్రీడను అమెరికాదేశమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 1974లో వెలువరించిరి. అప్పుడది ఒక పెట్టెలో మూడు చిన్నపుస్తకములు మాత్రమే. అన్నియు కలిపి నూరుపుటలకు కొంచెము మించును. వెల 10 డాలర్లు. 1977 మొదలు 1979 వరకు దానినే పెంచి మూడు పెద్దగ్రంథములుగ ప్రకటించిరి. దానికి రెండవ కూర్పు 1989లో, మూడవ కూర్పు 2000లో వచ్చినవి. అంతవరకు సుమారు పదునొకండేండ్ల కొక మార్పు. పిమ్మట వేగము హెచ్చినది. మూడేండ్లకే, అనగా 2003లో, మూడవదానికి సవరించిన కూర్పు. 2008లో నాలుగవ కూర్పు. 2014లో అయిదవ కూర్పు. మా యింటికి మొదట వచ్చిన పుస్తకము ఈ యైదవదియే. ఆపై పదియేండ్లు నిలకడగా నుండి, 2024లో దానికి సవరించిన గ్రంథము వచ్చినది. అది 384 పుటల పుస్తకము. ఆటగాండ్ర గ్రంథము, సూత్రధారుల గ్రంథము, భూతసత్త్వముల గ్రంథము అని మూడు సంపుటములు. ఒక్కొక్కదాని వెల అమెరికాలో సుమారు 50 డాలర్లు. మన నాణెములో మూడింటికి వేలరూపాయలగును. ఒక సామాన్యకుటుంబమునకు అది నెల సరకుల సొమ్ము.

మార్పు లన్నియు లోభముచేతనే వచ్చినవని యనుట అన్యాయము. 1978వ సంవత్సరపు ఆటగాండ్ర గ్రంథములో స్త్రీపాత్రల బలమునకు పురుషపాత్రలకంటె తక్కువగా హద్దు గీచి పట్టికలో నెక్కించిరి. అనగా మీ కుమారుడు ఎంత బలవంతుడైన యోధునిగనైనను ఆడవచ్చును. మీ కుమార్తె ఊహలోగూడ కొంతమేరకే బలవంతురాలు కావలెను! 1989వ కూర్పులో ఆ నియమమును తొలగించిరి. ఇట్టి మార్పును మనము వలదందుమా? పదునొకండేండ్లు ఆలస్యమైనదని విచారింతుము. అట్లే 2024వ గ్రంథములో నియమములకొక అకారాదిసూచి చేర్చిరి. తగవు వచ్చినప్పుడు వెదకుకొనుట సుకరమైనది. పుస్తకము వ్రాయువారికి, బొమ్మలు వేయువారికి, అచ్చుకూర్చువారికి జీవనము గడువవలెను గదా. పాత పుస్తకము ఒకసారి కొన్నవారు మరల కొనరు. కావున క్రొత్తది వేయవలయునను నాశ వారికి సహజము.

ఐనను అతివేగమువలన కీడు కలదు. 2000లో మూడవ కూర్పును కొన్నవారు దాని యట్ట నలుగకమునుపే 2003లో మరల కొనవలసివచ్చినది. 2008వ కూర్పు ఆట నడుచు తీరునే మార్చివేయగా, ఆడువారు రెండుగ చీలిపోయిరి. పాత పద్ధతిని విడువ నిష్టము లేనివారికొరకు పైజో అను మరియొక సంస్థ ఆ పాతనియమములనే సంస్కరించి 2009లో పాత్‌ఫైండర్ అను పేర ప్రకటింపగా, దానికి గొప్ప యాదరణము లభించినది. పాతదానిని విడువలేనివా రందరును మొండివారు కారు. ఒక పాత్రను మూడేండ్లు పెంచినవారికి దానిమీద మమకార ముండదా? ఇంట పెరిగిన తులసికోటను ఎవరో వచ్చి “ఇది పాతనమూనా, తీసివేయుడు” అన్న మన కెట్లుండును?

దీనికి విరుద్ధముగ నడచిన క్రీడలును గలవు. కాల్ ఆఫ్ కథూలూ అను మరియొక పాత్రధారణక్రీడ 1981లో పుట్టి, 2014 నాటికి ఏడవ కూర్పునకు వచ్చినది. కూర్పులు పెక్కులైనను మూలము మారలేదు. వెనుకటి కూర్పునకు వ్రాసిన కథను కొలదిపాటి లెక్క సరిచేసి క్రొత్తదానితో నాడుకొనవచ్చును. అందుచేత కూర్పుల సంఖ్యయొకటే కొలతగాదు. క్రొత్తది వచ్చినప్పుడు పాతది చేతిలో నున్నవాని గతి యేమి? అసలు ప్రశ్న యిది.

ఇప్పుడు మన యింటివైపు చూతము. అష్టాచెమ్మకు నియమగ్రంథ మెవ్వరు వ్రాసిరి? నాలుగు గవ్వలు గాని, అరగదీసిన చింతగింజలు గాని, నేలమీద సుద్దతో గీచిన ఇరువదియైదు గళ్ళు గాని యున్న చాలును. నాలుగు వెలికిలబడిన చెమ్మ, నాలుగును బోర్లబడిన అష్ట. ఇంతవరకు అందరి కొక్కటే. కాని ఎదుటివారి కాయ నొకదానినైన చంపక లోపలి గళ్ళలోనికి పోగూడదని కొన్ని యిండ్లలో నియమము. మరికొన్ని యిండ్లలో అట్టి నిర్బంధము లేదు. పెండ్లియై అత్తవారింటికి వచ్చిన క్రొత్తలో మేము పుట్టింటి పద్ధతిని కాయను లోనికి నడిపింపగా, మా ఆడబిడ్డ “వదినె దొంగాట ఆడుతున్నది” అని యేడ్చినది. అప్పుడు మా అత్తమ్మగారు చెప్పినమాట మేము మరువలేదు: “ఆటకు కూర్చునేటప్పుడే మాట అనుకోవాలె. గవ్వలు పడ్డాక కాదు.” తరతరములుగ అష్టాచెమ్మ నిలిచియుండుటకు ఈ యొక్క ఒప్పందమే కారణమని మా యభిప్రాయము.

చదరంగము సంగతి వేరు. అందు దేశదేశములవారు పోటీపడవలెను గనుక ఒకే నియమము కావలెను. 1924లో పారిస్ నగరమున స్థాపితమైన ఫిడే యను అంతర్జాతీయసంఘము ఆ నియమములను కాపాడుచు, అప్పుడప్పుడు సవరించుచున్నది. 2018 జనవరి 1వ తేదినుండి యొక సవరణము, 2023 జనవరి 1వ తేదినుండి మరియొకటి అమలునకు వచ్చినవి. అయినను వానిలో మారునవి గడియారము నొక్కుట, ఎత్తులు వ్రాసికొనుట, పొరపాటు ఎత్తుకు శిక్ష మొదలగునవి. గుఱ్ఱము నడక మారదు; మంత్రి నడక మారదు. తెలుగుబిడ్డ కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరై, 2019లోను, మరల 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగ నిలిచినది. ఆమె బాల్యములో నేర్చిన నడకలే నేటికిని ఆమెకు చాలినవి. నియమములు చదువుకొనుటకు ఎవ్వరును డబ్బు చెల్లింప నక్కరలేదు. ఫిడేవారు వానిని అందరి యెదుట నుంచుచున్నారు.

మా తండ్రిగారు ఇంటియొద్ద మాకు వ్యాకరణము చెప్పునప్పుడు రెండు పుస్తకములను ఒకే గుడ్డలో కట్టియుంచెడివారు. ఒకటి చిన్నయసూరిగారి బాలవ్యాకరణము. అది 1858లో వెలువడినది. రెండవది బహుజనపల్లి సీతారామాచార్యులుగారి ప్రౌఢవ్యాకరణము. అది 1885లో వచ్చినది. మొదటిదానిలో చెప్పక విడిచిన సంగతు లనేకములు రెండవదానిలో గలవు. అయినను ఆచార్యులవారు మొదటిదానిని కొట్టివేయలేదు. తమ గ్రంథమునకు త్రిలింగలక్షణశేషమని పేరిడిరి. ఉన్నదానిచెంత మిగిలినదానిని చేర్చుటయే శేషము. సంస్కృతమునందును ఇంతే. పాణిని సూత్రములు సుమారు నాలుగువేలు. వానియందలి కొఱతలను కాత్యాయనుడు వార్తికములతో పూరించెను. పతంజలి భాష్యమున చర్చించెను. ఎవ్వరును సూత్రపాఠమును చించివేయలేదు. పాతపుస్తకము చదివిన విద్యార్థికి ఆ చదువు వృథా కాలేదు. దాని పైననే తరువాతిది నిలిచినది.

ఈ దృష్టితో చూడగా ఆటపుస్తకములు వేయువారికి, కొనువారికి నాలుగు మాటలు మనవి చేయవచ్చునని మాకు తోచుచున్నది.

మొదటిది: మూలనియమగ్రంథమును పదియేండ్లకు లోపల మార్చరాదు. ఆరవతరగతిలో ఆట మొదలిడిన పిల్లవాడు కాలేజి చదువు ముగించువరకు ఆ పుస్తకము చెల్లవలెను. ఆ పిమ్మట అతని తమ్ముడో, చెల్లెలో క్రొత్తదానితో మొదలిడవచ్చును. పదియేండ్లు చూచినగాని ఏ నియమము నిజముగ చెడ్డదో, ఏది మనకు విసుగుపుట్టినది మాత్రమో తెలియదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత యని పెద్దలు ఊరక యనలేదు.

రెండవది: తప్పు కనబడిననాడే దిద్దవలెను, దానికి వెల పుచ్చుకొనరాదు. అచ్చుతప్పైనను, ఒక పాత్రకు జరిగిన యన్యాయమైనను, ఆడపిల్లల బలమునకు గీచిన గీతయైనను మరుసటి కూర్పువరకు ఆగరాదు. ఒక్క పుటలో సవరణము వ్రాసి అందరికి నందజేయవలెను.

మూడవది: కథలు, పటములు, క్రొత్తదేశముల వర్ణనలు ఏటికెన్నియైనను వేయవచ్చును. అవి పండుగపిండివంటలవంటివి, ఇష్టమున్నవారు కొందురు, లేనివారు మానుదురు. ప్రచురించువారి జీవనము వానివలన గడువవలెను. నియమగ్రంథము నిత్యము వండు అన్నమువంటిది. దానిని మాటిమాటికి మార్చినచో ఇల్లు నడువదు.

నాలుగవది: క్రొత్తగ్రంథము వెలువరించునప్పుడు పాతదానితో ఆడువాడు అదే పంక్తిలో కూర్చుండుటకు వీలు కలిగింపవలెను. మూలనియమములు పేదపిల్లలకు ఉచితముగ దొరకవలెను. ఈ విషయమున ఆ సంస్థ చేసిన మంచిని మరువరాదు. అనుమతిపత్రమును మార్చబోయి, ఆటగాండ్ర ఆగ్రహమునకు గురియై, 2023 జనవరిలో అయిదవ కూర్పుయొక్క మూలనియమములను ఎవ్వరైనను ఉచితముగ వాడుకొనునట్లు శాశ్వతముగ విడుదలచేసిరి. 2025లో సవరించిన నియమములను గూడ అట్లే విడిచిరి. పదిమంది కూడి గట్టిగ నడిగిన లాభ ముండునని దీనివలన తెలియుచున్నది.

ఇక మా యరుగుమీది తగవు సంగతి. 2025వ సంవత్సరపు సంక్రాంతి సెలవులలో మా పెద్దమ్మాయి పాతగ్రంథమును, ఆ బాలుని క్రొత్తగ్రంథమును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివెను. వైద్యురాలి పుటలయొద్ద ఆగి, “అమ్మా, ఇటు చూడు” అని మమ్ము పిలిచెను. గాయము మాన్పు మంత్రమునకు పాతగ్రంథములో ఎనిమిది ముఖముల పాచిక ఒకటి, క్రొత్తదానిలో రెండు. అనగా క్రొత్తపుస్తకము ఎవరిని వెళ్ళగొట్టినదని మేమనుకొంటిమో, ఆ బాలికకే అది మేలు చేసినది! పుస్తకము ఆమెను త్రోసివేయలేదు. “నీది చెల్లదు” అను మాట త్రోసివేసినది. ఆ మాట అనుచున్నప్పుడు మేము లోపల కూర్చుండి వినియు నూరకుంటిమి. అది మా తప్పు.

మేము ఆ బాలిక యింటికి వెళ్ళితిమి. తల్లి చేటలో ఆకు కత్తిరించుచుండెను. బాలిక నోటుబుక్కు దూలముప్రక్క గూటిలో భద్రముగనే యుండెను. “నీ నోటుబుక్కు ఏదియు కొట్టివేయలేదమ్మా. దానికి రెండుపుటలు చేర్చవలె, అంతే” అంటిమి. మా పెద్దమ్మాయి ఆ రెండుపుటలు తానే వ్రాసి తెచ్చినది. పైన “శేషము” అని పేరు పెట్టినది. ఆ బాలుడు కూడ వెంట వచ్చి, తన పుస్తకము నొక వారము వైద్యురాలి యింట నుంచుట కొప్పుకొనెను. ఆ మధ్యాహ్నమే అయిదుగురు కూర్చుండి ఏ నియమము పాతది, ఏది క్రొత్తది యని ముందుగనే యొక ఒప్పందము వ్రాసికొనిరి. మా అత్తమ్మగారు నడవలో కూర్చుండి వినుచు, “ఇదే కదా నేను చెప్పినది” అనిరి.

అదే యేట ఆగస్టు నెలాఖరున మా జిల్లాలో కురిసిన కుండపోతవానకు పోచారము జలాశయమునకు ఎన్నడు నెరుగని వరద వచ్చినది. ఒకప్రక్క కట్ట కోసికొనిపోవుచున్నదని విని, దిగువ గ్రామములవారివలెనే మేమును ఆ రాత్రి కన్ను మూయలేదు. కాని 1922లో పూర్తియైన ఆ పాత ఆనకట్ట నిలిచినది. తెల్లవారినపిదప మాకు తోచినదిది: ఆనకట్టను ఏటేట పడగొట్టి కట్టరు, ఏటేట చూచుకొందురు. గండి కనబడిననాడు పదియేండ్లు ఆగరు, వెంటనే పూడ్తురు. వందయేండ్లకు పైబడి ఆనకట్ట నిలుచుటకు ఆ రెండును కావలసినవే.

ఆటల నియమములైనను అంతే యని మా మనవి. మీ యిండ్లలో పిల్లలు “అమ్మా, క్రొత్తపుస్తకము వచ్చినది, కొనిపెట్టు” మని యడిగినప్పుడు కసరకుడు. వెంటనే కొనను వలదు. పాతదానిని, క్రొత్తదానిని ప్రక్కప్రక్కన పెట్టి, మారినదేమో వారిచేతనే వ్రాయింపుడు. వ్రాసినది రెండుపుట లైనచో నోటుబుక్కు చాలును. కొనవలసివచ్చినను, ఆ పంక్తిలో కొనలేని బిడ్డ యెవ్వరో ముందుగ చూచి కొనుడు.

మా యరుగుమీద ఆదివారపు కథ ఇంకను నడుచుచున్నది. తూము తాళము దొరకినదట. దానిని కనుగొన్నది వైద్యురాలేనట.